పావురపు టపా: పిల్లపక్షుల శిక్షణచరిత్ర

వార్తాప్రసారచరిత్రను వ్రాయువారు పావురముల ప్రసక్తి వచ్చినపుడు ‘పంపెను’ అను క్రియను వాడుట పరిపాటి. సుల్తాను పావురమును పంపెను, సేనాపతి పావురమును పంపెను అని చదువుచుందుము. ఈ ప్రయోగము వ్యాకరణదృష్టితో నిర్దుష్టమేకాని చరిత్రదృష్టితో భ్రాంతిని కలిగించునది. పావురమును మనము కోరిన చోటికి ఎవరును పంపజాలరు. అది తాను పెరిగిన గూటికి మరలివచ్చును. అది చేయు పని అంతియే. కాబట్టి లేఖ ఏ దిక్కునకు పోవలెనో ఆ దిక్కునందలి గూటిలో ఆ పక్షి మునుపే పెరిగియుండవలెను. అచటినుండి దానిని లేఖ వ్రాయువాని చెంతకు మనుష్యులు మోసికొని రావలెను. పావురపు టపాను నెలకొల్పిన రాజ్యములన్నియు ఈ రెండు పనులపైననే ఆధారపడినవి. మొదటి పని శిక్షణ, రెండవది మోత. చరిత్రగ్రంథములలో పక్షి ఎగిరిన గడియ కనబడునుగాని, దానికి ముందు జరిగిన ఈ రెండు పనులును తరచుగా మరుగుపడును. వానిని వెలికి తెచ్చుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా మన వాఙ్మయమును చూతము. ఋగ్వేదము పదవ మండలమునందలి 165వ సూక్తమున కపోతము నిరృతి దూతగా పేర్కొనబడినది. అచటి దూతత్వము లేఖావహనము కాదు, అపశకునము. ఇంట వ్రాలిన పక్షివలన కీడు కలుగకుండుగాక యని చేసిన ప్రార్థన యది. శిబి కథలో పావురము శరణాగతి. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వలన తెలుగు బాలురందరికిని పరిచితుడైన చిత్రగ్రీవుడు పావురముల రాజు; వలతోకూడ ఎగిరి తన మిత్రుడగు హిరణ్యకుని కలుగునొద్దకు పోయినాడేగాని వార్త మోయలేదు. మన కావ్యములలో దౌత్యము నెరపిన పక్షి హంస. నలదమయంతుల నడుమ మెలగినది హంస. పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’న శుచిముఖియు హంసియే. కావ్యదూతకు మూడు లక్షణములు ఆవశ్యకములు: మాటాడ నేర్చియుండుట, పంపిన చోటికి పోవుట, ప్రత్యుత్తరముతో తిరిగివచ్చుట. ఈ మూడింటిలో ఒక్కటియు పావురమునకు లేదు. కవులు దానిని దూతగా గైకొనకుండుటకు ఈ లోపమే కారణమని నిశ్చయింపలేము. కాని పావురపు స్వభావమునకును కావ్యదౌత్యమునకును పొసగదనుట మాత్రము స్పష్టము.

మేఘసందేశమున ఒక స్థలము ఈ సందర్భమున గమనింపదగినది. యక్షుడు మేఘునకు దారి చెప్పుచు, ఉజ్జయినిలో ఒక మేడ మీద, పావురములు నిద్రించుచున్న చూరుతావున, ఆ రాత్రి గడుపుమని బోధించును. వార్త మోయగల పక్షి నిద్రించుచుండగా, చేతనము కాని మేఘము దాని ప్రక్కన విడిసినది. ఇందు కవి పొరపాటేమియు లేదు. ఉజ్జయిని పావురము రామగిరి యక్షునకు నిరుపయోగము. దానిని రామగిరికి కొనిపోయి విడిచినచో అది మరల ఉజ్జయినికే చేరును. అలకకు లేఖ చేరవలెనన్నచో యక్షుడు శాపగ్రస్తుడై వెడలునపుడే అలకలో పెరిగిన పావురమును బుట్టలో పెట్టుకొని రావలసియుండెను. పావురపు టపాయందలి ధర్మమంతయు ఈ ఒక్క ఊహలో ఇమిడియున్నది. ఇండ్లపై పావురములను నిలుపుట మాత్రము మనకు ప్రాచీనాచారమే. అమరకోశమున పారావతము, కలరవము, కపోతము పర్యాయపదములు. కపోతపాలిక, విటంకము అనునవి పావురములుండు తావునకు పేళ్లు. శిల్పశాస్త్రమున చూరువంటి కట్టడభాగమునకు కపోతమనియే వ్యవహారము.

ఇక శిక్షణక్రమము. ఆడ పావురము సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులు మారుమారి పొదుగగా సుమారు 18 దినములకు పిల్లలు వెలువడును. తొలిదినములలో వాని ఆహారము తల్లిదండ్రుల మేతసంచి గోడలనుండి ఊరు పాలవంటి పదార్థము. నాలుగువారములు నిండునప్పటికి పిల్ల తానై గింజలేరుకొని తినును. శిక్షకుని పని అప్పుడే ఆరంభమగును. పిల్లకు తాను పుట్టినదికాక వేరొక గూటిని ఇల్లుగా అలవరుపవలెనన్నను అదియే అదను. ఒకచోట స్వేచ్ఛగా ఎగిరి అలవాటుపడిన పెద్దపక్షిని క్రొత్తచోట నిలుపుట బహుకష్టము. నెలల తరబడి బంధించి విడిచినను అది పాత గూటివైపునకే పోవుట తరచు. అందుచేత అట్టి పక్షులను లోపలనే యుంచి పిల్లలు పెట్టించుటకు మాత్రమే వినియోగింతురు; ఆ పిల్లలు క్రొత్త గూటివగును.

మొదటి మెట్టు చూపు. ఎగురుటకు పూర్వమే పిల్లను గూటి కప్పుపైనున్న తీగెల పంజరములో కొంతసేపుంచుదురు. చుట్టునున్న చెట్లను, కప్పులను, ఆకాశమును అది బెదరక చూచుకొనును. రెండవ మెట్టు ఆకలి. పిల్లను ఎన్నడును కడుపునిండ మేపి బయటికి విడువరు. మేతవేళకు ముందు విడిచి, గింజలడబ్బాను ఆడించియో ఈలవేసియో లోనికి పిలుతురు. ఆ సవ్వడికిని మేతకును గల సంబంధము కొలదిదినములలోనే దృఢపడును. మూడవ మెట్టు వాకిలి. గూటి ద్వారమున లోనికి మాత్రమే తెరచుకొను తీగెలు వ్రేలాడుచుండును. పక్షి రొమ్ముతో త్రోసికొని లోనికి పోవునుగాని బయటికి రాలేదు. ఈ వాకిలి పరిచయము చిన్న విషయముగా తోచవచ్చును. కాని లేఖతో వచ్చిన పక్షి కప్పుపై వ్రాలి లోనికి రాక తడవుచేసినచో, అది ఎంత వేగముగ వచ్చినను ఫలము లేదు. లేఖ చేతికందినపుడే ప్రయాణము ముగిసినట్లు.

నాలుగవ మెట్టు గుంపుతో తిరుగుట. కొన్నివారములు పిల్లలు గూటిచుట్టు వలయములు తిరిగి, క్రమముగా కనుచూపు మేరదాటి పోయివచ్చును. అటుపిమ్మటనే బుట్టపయనములు. పిల్లలను బుట్టలో పెట్టి మొదట ఒకటి రెండు కిలోమీటర్ల దూరమునను, పిదప 5, 10, 20, 40 కిలోమీటర్ల దూరములనుండియు విడుతురు. ఒక దూరమునుండి అన్నియు తడబడక వచ్చిన పిదపనే తరువాతి దూరము. మొదట గుంపుగా విడిచిన పక్షులను పిదప ఒంటిగా విడువవలెను. ఏలనన గుంపులో నేర్చినదేదో, తోడిపక్షిని అనుసరించినదేదో ఒంటిపయనముననే తేలును. మబ్బు, మంచు, పెనుగాలి ఉన్న దినమున పిల్లలను విడువరు. తొందరపడి ఒక దినమున ఎక్కువ దూరము కొనిపోయిన శిక్షకుడు ఆ సాయంకాలమున ఖాళీ గూళ్లను లెక్కించుకొనవలసివచ్చును. డేగలవాత పడునవి కొన్ని. దారితప్పి పరుల గూళ్ల చేరునవి కొన్ని.

ఇందు శిక్షకుడు నేర్పునదేమి? ఇల్లు మరలు నేర్పు పక్షికి సహజము. దానిని మానవుడు సృజింపలేదు. ఇరువదవ శతాబ్దిలోని పరిశోధనలవలన ఈ నేర్పునకు ఆధారములు కొన్ని తెలియవచ్చినవి. పావురము సూర్యుని స్థానమును తన దేహములోని కాలమానముతో సరిచూచుకొని దిక్కు గ్రహించును. కృత్రిమమైన వెలుతురు చీకట్లతో దాని కాలమానమును ఆరుగంటలు మార్చినచో, ఎండ కాయుచున్న దినమున అది సుమారు సమకోణము ప్రక్కకు తిరిగి బయలుదేరును. మబ్బుపట్టిన దినమున అయస్కాంతపు ముక్క కట్టిన పక్షులు తికమకపడుటను అమెరికాలో కీటన్ 1971లో ప్రకటించెను. గాలి తెచ్చు వాసనలును తోడ్పడునని ఇటలీలో పాపీ, ఆయన సహచరులు 1972లో ప్రతిపాదించిరి. తెలిసిన చేరువకు వచ్చిన పిదప కన్నులకు కనబడు గుర్తులు దారిచూపును. శిక్షకుడు ఈ సహజశక్తికి రెండింటిని చేర్చును: ‘ఇల్లు’ ఏదియో నిర్ణయించుట మొదటిది, బుట్ట తెరచినపుడు బెదరక వెంటనే ఇంటిదారి పట్టు అలవాటు రెండవది. ఈ దృష్టితో చూచినచో పావురపు టపాలు నడపిన రాజ్యముల చరిత్రలు క్రొత్తవెలుగులో కనబడును.

మధ్యయుగములలో ఈ విద్యను రాజ్యాంగముగా మలచినవారిలో సిరియా, ఈజిప్టు పాలకులు ముఖ్యులు. 12వ శతాబ్ది ఉత్తరార్ధమున నూరుద్దీను తన రాజ్యమున పావురపు టపాను క్రమబద్ధము చేసెను. 1260 మొదలు 1277 వరకు ఏలిన మమ్లూకు సుల్తాను బైబర్సు దానిని బలపరచెను. ఖాహిరా కోట కేంద్రముగా, దారిపొడవున బురుజులు వెలసినవి. 1418లో మరణించిన అల్ ఖల్ఖషందీ రాజలేఖకులకై రచించిన బృహద్గ్రంథమున ఈ వ్యవస్థకు స్థానమిచ్చెను. లేఖలకు పలుచని ప్రత్యేకపు కాగితము, పొదుపైన మాటలు, ఒకటి తప్పినను మరియొకటి చేరునట్లు రెండు ప్రతులు: ఈ నియమములన్నియు లేఖకులకు సంబంధించినవి. కాని వ్యవస్థకు ఆయువుపట్టు వేరొకచోట నున్నది. ప్రతి బురుజునందును పొరుగు బురుజు పక్షులు సిద్ధముగా నుండవలెను. అవి విడువబడి ఇల్లు చేరగనే బురుజు వట్టిపోవును. మరల వానిని కంచరగాడిదలపై మోసికొని రావలెను. ఆకాశమున ఒకదిక్కునకు వేగముగ సాగిన ప్రతి వార్తకును, నేలపై ఎదురుదిక్కునకు మెల్లగా సాగిన ఒక మోత కలదు. రాయసగాని కలమునకు ఎక్కినది మొదటిది. గాడిదలవాని శ్రమ రెండవది.

మన దేశమున మొగలుల కొలువు ఇందుకు భిన్నమైన చిత్రమును చూపును. అబుల్ ఫజల్ ‘అయీనె అక్బరీ’లో పావురముల ఆటకు ఒక ప్రకరణమునే కేటాయించెను. అక్బరు దానికి ‘ఇష్క్ బాజీ’ అని పేరిడెను. కొలువున 20,000కు పైగా పావురములుండెననియు, అందు 500 మాత్రమే ఖాసా తరగతివనియు ఆ గ్రంథము చెప్పుచున్నది. అచట ప్రధానము ఆకాశమున వలయములు తిరుగుట, పల్టీలు కొట్టుట, జాతులను కలిపి క్రొత్త రంగులు పుట్టించుట. లేఖలు తెచ్చుటకు తగిన జాతిని పేర్కొని, ఇతరజాతులకును ఆ విద్య నేర్పవచ్చునని గ్రంథకర్త వ్రాసినను అది ప్రాసంగికమే. మన ప్రస్తావనకు ఆవశ్యకమైన విషయము మరియొకటి: దండు కదలినపుడు పావురముల గూళ్లను బోయీలు మోసికొనిపోవుచుండగా పక్షులు వెంట ఎగురుచు వచ్చుచుండెనట. ఇల్లు అనగా స్థలము కాదు, ఆ గూడే యని పక్షిని నమ్మించిన శిక్షణ యిది. మొదటి ప్రపంచయుద్ధమున యూరపు సైన్యములు మోటారుబండ్లపై నిలిపిన సంచారపు గూళ్లకు ఇది పూర్వరూపమనదగును. హైదరాబాదు పాతనగరమున ఒక పేటకు కబూతర్‌ఖానా అను పేరు నేటికిని నిలిచియుండుట ఇట్టి అభిరుచికే స్మారకము.

శిక్షణకును మోతకును గల సంబంధము మిక్కిలి స్ఫుటముగా కనబడు ఘట్టము 1870-71 నాటి పారిస్ ముట్టడి. జర్మను సేనలు నగరమును చుట్టుముట్టగా తంతితీగెలు తెగినవి. నగరమునుండి వార్తలు బెలూనులపై వెడలెను. కాని గాలివాటున పోవు బెలూను తిరిగి నగరమున దిగుట అసాధ్యము. లోనికి వార్త రావలెనన్నచో పారిస్ గూళ్ల పావురములే శరణ్యము. కావున వెడలు బెలూనులలో వానిని బుట్టలలో పంపిరి. ఈజిప్టున కంచరగాడిద చేసిన పనిని ఇచట బెలూను చేసినది. దాగ్రోన్ అను ఛాయాగ్రాహకుడు వేలకొలది సందేశములను సూక్ష్మఛాయాచిత్రములుగా పలుచని పొరలపైకి దించెను. ఆ పొరలను చుట్టి సన్నని గొట్టములో పెట్టి తోక ఈకకు కట్టిరి. పారిసులో వానిని దీపయంత్రముతో తెరపై పెద్దవిగా చూపి గుమాస్తాలు నకలు వ్రాసిరి. కాని విడిచిన 300కు పైగా పావురములలో నగరము చేరినవి 60కి మించలేదు. శీతకాలము, పొట్టి పగలు, మంచు, డేగలు ఇందుకు కారణములు. మంచిదినములలో దూరమును మెల్లమెల్లగా పెంచుటయే శిక్షణసూత్రము. ముట్టడి ఆ అవకాశమును ఈయలేదు. ఛాయాగ్రహణశాస్త్రము సందేశమును ఎంత చిన్నది చేసినను, పక్షి శిక్షణను తగ్గింపజాలకపోయినది.

భారతీయుడు ఆంగ్లమున వ్రాసిన ఒక బాలగ్రంథమును ఇచట స్మరింపవలెను. కలకత్తా ప్రాంతమున జన్మించి అమెరికాలో స్థిరపడిన ధనగోపాల ముఖర్జీ 1927లో ఒక పావురపు కథను ప్రకటించెను; 1928లో దానికి అమెరికాలోని న్యూబెరీ పతకము లభించినది. అందలి నాయకుడైన పావురమునకు ఆయన పెట్టిన పేరు చిత్రగ్రీవుడు. పిల్లకు ఎగురుట నేర్పుట, పంజరములో దూరముగా కొనిపోయి దిక్కు నేర్పుట, పిమ్మట ఫ్రాన్సు రణరంగమున వార్తలు మోయుట అందు వర్ణితములు. నీతికథలో లేఖ మోయని చిత్రగ్రీవుడు ఈ కథలో మోసినాడు. అది కల్పనయే, అయినను శిక్షణకు వీరకృత్యముతో సమానమైన స్థానమిచ్చిన రచన యగుటచే చరిత్రకారునకు అది ఆదరణీయము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ విద్య ఆంధ్రదేశపు సరిహద్దుననే వేరూనినది. కోరాపుటు జిల్లా 1936 వరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణపు ఏజెన్సీలో భాగము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాదాతయైన విక్రమదేవవర్మ ఏలిన జయపుర సంస్థానము అందలిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా ఆ ప్రాంతము అందు చేరెను. కొండలు, అడవులు, వానకాలమున దాటరాని ఏరులు గల ఆ జిల్లాలో ఠాణాలనుండి కబురు తెప్పించుకొనుట దుస్సాధ్యముగా నుండెను. 1946లో సైన్యము అప్పగించిన సుమారు 200 పావురములతో ఒరిస్సా పోలీసుశాఖ అచట పావురపు సేవను ఆరంభించినది. పిదప అది ఇతరజిల్లాలకు వ్యాపించినది; కటకము ప్రధానకేంద్రమైనది. 1948 ఏప్రిల్‌లో హీరాకుడ్ ఆనకట్ట పనులకై సంబల్పూరు వచ్చిన ప్రధానమంత్రి నెహ్రూ, కటకమున జరుగబోవు బహిరంగసభ ఏర్పాట్లనుగూర్చి పావురముద్వారా కబురు చేసిన సంగతి ప్రసిద్ధము. ఆ పక్షి కటకపు గూటిది కాబట్టియే ఆ లేఖ కటకము చేరినది.

ఒరిస్సా పోలీసులు ఈ సేవను మూడువిధములుగా నడపిరి. కదలని గూటికి ఒకదిక్కునుండి వార్త తెచ్చునది స్థిరసేవ. కదలు గూటితో నడచునది సంచారసేవ. మూడవదానికి బూమరాంగ్ అని పేరు. అందు ఒకేపక్షి పోవుటయు వచ్చుటయు చేయును. ఇది ఈ వ్యాసారంభమున చెప్పిన సూత్రమునకు విరుద్ధముగా తోచవచ్చును. కాని పరికించినచో సూత్రమును బలపరచుచున్నది. ఇచట శిక్షకుడు ఇంటిని రెండుగా విడదీసినాడు: నివాసము ఒకచోట, మేత వేరొకచోట. ఆకలిగొన్న పక్షి మేతచోటికి పోవును, తిని నివాసమునకు మరలును. ఉభయత్ర అది తన పనిమీదనే పోవుచున్నది. లేఖ దాని కాలికి కట్టబడినది, అంతియే. పిల్లవయసున గింజలడబ్బా సవ్వడితో నాటిన అలవాటే ఇంతపనికి మూలము.

ఈ సేవ వేడుకకై నిలిచినది కాదు. 1982 నాటి వరదలలో బాంకీ పట్టణమునకు లోకముతో సంబంధము తెగినపుడును, 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుపానున తంతి, నిస్తంతి సాధనములు కూలినపుడును పావురములు కబుర్లు చేర్చినవి. కెరటములకు కూలని సాధనము గూటిలో సిద్ధముగా నుండుటకు, ప్రశాంతమైన సంవత్సరములలో కానిస్టేబుళ్లు దినదినము పిల్లలను బుట్టలలో మోసి విడుచుచుండుటయే కారణము. శిక్షణ ఒక తరము ఆగినచో ఆపద్దినమున పక్షులుండును, టపా యుండదు. ఇరువదియొకటవ శతాబ్ది ఆరంభమున నిత్యసేవ నిలిచిపోయినది. కటకమున కొన్ని పక్షులను వారసత్వముగా నిలిపి ఉత్సవదినములలో ఎగురవేయుచున్నారు.

పై చర్చవలన తేలు విషయములు రెండు. పావురపు టపా తంతికి పేద పూర్వరూపము కాదు. తంతి ఏ దిక్కునకైనను వార్తను కొనిపోవును. పావురము మునుపే నిర్ణీతమైన ఒక దిక్కున మాత్రమే కొనిపోవును. కావున చారిత్రకాధారములలో పావురము కనబడినపుడు అది ఏ గూటిలో పెరిగినది, దానిని అచటికి ఎవరు మోసిరి అను ప్రశ్నలను వేయవలెను. ఈ ప్రశ్నలవలన ఏ కేంద్రము ఏ ప్రాంతపు వార్తను కోరినదో, ఆ కోరికకై ముందుగా ఎంత శ్రమపడినదో తెలియును. ఇది మొదటి విషయము.

రెండవది భాషాపరిశోధకులకు సంబంధించినది. ఈ విద్య గ్రంథములలోకంటె పెంపకందారుల చేతులలోను, నోళ్లలోను ఎక్కువగా నిలిచియున్నది. రంగునుబట్టి, రెక్కనుబట్టి, ఎగురు తీరునుబట్టి పక్షికి పెట్టు పేర్లు, పిల్లను పిలుచు కేకలు, గూటి భాగముల పేర్లు, తప్పిపోయిన పక్షినిగూర్చిన వాడుకలు అందు చేరును. 1962లో వ్యవసాయపదములతో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశము తెలుగు వృత్తులకు చేసిన సేవ విద్యార్థులెరిగినదే. హైదరాబాదు మిద్దెలపైనను, ఉత్తరాంధ్రపు ఒరిస్సా సరిహద్దుననుగల పెంపకందారుల పలుకుబడిని ఆ పద్ధతిననే సేకరింపదగును. అందు ఉర్దూపదము లెన్ని, తెలుగుపదము లెన్ని, ఏ మెట్టునకు ఏ భాష పేరిచ్చినది అను లెక్క తేలినచో, ఈ విద్య మనకు ఏ దారిని వచ్చినదో చెప్పుటకు వీలు కలుగును. ముదుసలులైన పెంపకందారులు ఇంకను ఉన్నపుడే ఈ పని జరుగవలెను.